కోళ్లలో నట్టలు, పేలు, గోమార్లు: ఏ మొక్క దేనికి పనిచేస్తుంది, ఎలా వాడాలి

హైదరాబాద్‌లో కోళ్లు పెంచేవాళ్లు ఇప్పుడు తక్కువేం లేరు. మేడ మీద నాలుగైదు పెట్టలు పెట్టుకున్నవాళ్లు, మొయినాబాద్, శామీర్‌పేట, ఘట్‌కేసర్ వైపు కాస్త జాగా కొనుక్కుని యాభై, వంద దాకా వనరాజ, గ్రామప్రియ కోళ్లు పెంచేవాళ్లు, పాతబస్తీలో అసీల్ పుంజులకు రోజూ బాదం పప్పు పెట్టి మరీ చూసుకునేవాళ్లు. వీళ్లందరూ అడిగేది ఒకే మాట: "అన్నా, నట్టలకు ఏ ఆకు వేయాలి?"

ఆకు పేరు చెప్పడం తేలికే. కానీ ఏ పురుగు పట్టిందో తెలియకుండా ఆకు వేస్తే సగం సార్లు ఏమీ జరగదు, మిగతా సగం సార్లు కోడి నీరసపడుతుంది. అందుకే అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఒంటి మీద, గూటి సందుల్లో ఉండే పురుగుల మీద మొక్కల మందులు నిజంగా బాగా పనిచేస్తాయి. పేగుల్లో ఉండే ఏలికపాముల మీద కొంతవరకే, అదీ అవి తక్కువగా ఉన్నప్పుడు. బద్దె పురుగుల మీద అంతకంటే తక్కువ. కోడిపిల్లలకు వచ్చే రక్త విరేచనాలకు ఆకుల మీద ఆధారపడితే అవి దక్కవు. ఈ తేడా మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

మొదటి అడుగు: పురుగు ఏదో పట్టుకోవాలి

ఒక్కో కోడినీ చేతిలోకి తీసుకుని చూడండి. దూరం నుంచి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. ఈకలు చాలావరకు రొమ్ము కండ కరిగిపోయిన సంగతిని దాచేస్తాయి, అందుకని వేళ్లతో రొమ్ము తడమండి. ఎముక కత్తి అంచులా తగిలితే కోడి చిక్కిపోయినట్టు. తర్వాత తలపై జుట్టు, తమ్మెలు చూడండి. ఎర్రగా ఉండాల్సినవి తెల్లబోయి ఉంటే ఒంట్లో రక్తం తగ్గుతోంది. ఏలికపాములైనా కావచ్చు, రాత్రిపూట రక్తం తాగే గోమార్లో నల్లులో కావచ్చు.

రెట్ట పడే చోటు చుట్టూ ఈకలు పక్కకు తీసి చూడండి. ఎండుగడ్డి రంగులో చకచకా పాకేవి పేలు. ఈక మొదట్లో తెల్లగా ముద్దగా అంటుకుని ఉన్నవి వాటి గుడ్లు. పేలు పుట్టుక నుంచి చావు వరకు కోడి ఒంటి మీదే ఉంటాయి కాబట్టి పగలు చూసినా దొరుకుతాయి. నల్లులు, గోమార్లు అలా కాదు, పగలంతా కర్ర సందుల్లో, గోడ పగుళ్లలో దాక్కుని రాత్రి వచ్చి రక్తం తాగి వెళ్లిపోతాయి. వాటిని పట్టాలంటే చీకటి పడ్డాక టార్చి వేసుకుని వెళ్లి, కోళ్లు కూర్చునే కర్ర అడుగు భాగాన్ని తెల్ల గుడ్డతో గట్టిగా తుడవాలి. గుడ్డ మీద ఎర్రటి చారలు పడితే నల్లులు ఉన్నట్టే.

కాళ్ల మీద పొలుసులు లేచి, సున్నం పూసినట్టు తెల్లగా దళసరిగా మారితే అది కాళ్లకు వచ్చే గజ్జి. కంటికి కనిపించనంత చిన్న పురుగు పొలుసు కింద దూరి ఉంటుంది. వయసు వల్ల వచ్చిందని వదిలేస్తుంటారు, అది వయసు కాదు.

ఇక రెట్ట. బియ్యపు గింజలాంటి తెల్లటి ముక్కలు కదులుతూ కనిపిస్తే బద్దె పురుగు. తెల్లటి దారంలా వేలెడు పొడవున్నది పడితే ఏలికపాము, అంటే అస్కారిడియా గల్లి. అయితే పురుగు రెట్టలో కనిపించడం లేదని లోపల లేదనుకోకండి, చాలాసార్లు గుడ్లు మాత్రమే బయటికి వస్తాయి, అవి సూక్ష్మదర్శినిలో తప్ప కనిపించవు. మూడు నుంచి ఆరు వారాల పిల్లలు ముడుచుకుని కూర్చుని, రెట్టలో రక్తం పడుతుంటే అది పురుగు కాదు, ఐమీరియా అనే ఏకకణ జీవి తెచ్చే కాక్సిడియోసిస్. దీని సంగతి కింద విడిగా చెబుతాను.

రెండో అడుగు: రెట్ట పరీక్ష

దీన్ని దాటేయాలని చాలామందికి అనిపిస్తుంది. దయచేసి దాటేయకండి. తెల్లవారుజామున పడిన తాజా రెట్టను నాలుగైదు కోళ్లవి కలిపి, శుభ్రమైన చిన్న డబ్బాలో తీసుకోండి. మామూలు రెట్టతో పాటు ముదురు గోధుమ రంగులో జిగటగా పడే రెట్ట కూడా కొంచెం ఉండాలి, అది పెద్దపేగు దగ్గరి సంచుల నుంచి వచ్చేది, అక్కడ ఉండే పురుగులూ వేరే. వెంటనే తీసుకెళ్లలేకపోతే ఫ్రిజ్‌లో కింద అరలో పెట్టండి, ఫ్రీజర్‌లో వద్దు. ఒక రోజు లోపల దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాలకు గానీ, రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాలకు గానీ చేర్చండి. ఏ పురుగు గుడ్లు, ఎక్కువా తక్కువా అన్నది తెలిస్తే చాలు, సగం టెన్షన్ పోతుంది. ఎక్కువ అని వస్తే ముందు డాక్టర్ ఇచ్చే మందు, తర్వాతే మొక్కలు.

మూడో అడుగు: మొక్కలు తెచ్చుకోవడం

రోడ్డు పక్క వేపచెట్టు ఆకులు తెంపకండి. వాహనాల పొగ, దుమ్ము, దోమల కోసం కొట్టే మందు అన్నీ వాటి మీదే ఉంటాయి. ఇంటి ఆవరణలోదో, పొలం గట్టుదో తెచ్చుకోండి. ఆకులు నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే వాటిలోని సుగంధ తైలాలు, చేదు పదార్థాలు చాలావరకు పాడైపోతాయి. చేతిలో నలిపితే పొడి అయ్యేంతగా ఆరాక దంచి, గాలి చొరని సీసాలో పెట్టుకోండి. వానాకాలంలో కాస్త తేమ మిగిలినా బూజు పడుతుంది, బూజు పట్టిన పొడి నట్టల కంటే ప్రమాదం.

మోదుగ గింజలు, వాయువిడంగాలు, వస కొమ్ము బేగంబజార్‌లో మూలికలు అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. వాయువిడంగాల పేరుతో వేరే చెట్ల గింజలు కలిపి అమ్మడం ఎప్పటినుంచో ఉంది, గుర్తుపట్టలేకపోతే వాటి జోలికి పోవద్దు. మోదుగ గింజ మాత్రం పొరపడే వీలు లేదు: పలచగా, బిళ్లలా, ఎర్ర గోధుమ రంగులో ఉంటుంది. వికారాబాద్ అడవుల వైపు వెళ్తే ఎండాకాలం చివర్లో చెట్ల కిందే రాలి ఉంటాయి.

వంటింటి త్రాసు ఒకటి కొనండి. పిడికెడు, చిటికెడు అనే లెక్కలు మనిషి మనిషికీ మారతాయి, కోడి బరువు కిలోన్నర, అందులో పొరపాటు పెద్దదే.

నాలుగో అడుగు: ఒంటి మీది పేలకు వేపనూనె

మొక్కల మందుల్లో నాకు అన్నిటికంటే గట్టి నమ్మకం ఉన్నది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

గానుగ వేపనూనె తీసుకోండి. ముక్కు పగిలే వాసన, చేదు లేకపోతే అది కల్తీ. లీటరు గోరువెచ్చని నీటికి 20 మిల్లీలీటర్ల నూనె. నూనె, నీరు వాటంతట అవి కలవవు, అందుకని ముందు నూనెలో 5 మిల్లీలీటర్ల గిన్నెలు తోమే సబ్బు ద్రవం వేసి బాగా గిలక్కొట్టి, ఆ తర్వాత నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ పాలలా తెల్లబడే దాకా కలపాలి. సబ్బుకు బదులు చిక్కటి కుంకుడు రసం కూడా పనికొస్తుంది, కళ్లలో పడకుండా చూసుకోవాలి. డిసెంబరులో సీసాలో వేపనూనె గడ్డకట్టి కనిపిస్తే పాడైందని పారేయకండి, గోరువెచ్చని నీళ్లలో సీసా పెడితే కరుగుతుంది. కలిపిన ద్రావణం ఆ రోజే వాడేయండి. నీళ్లలో, ఎండలో వేపలోని అజాడిరక్టిన్ త్వరగా విడిపోతుంది, మర్నాటికి దాచుకుంటే పని తగ్గుతుంది.

ఎండ ఉన్న రోజు పొద్దున పది, పదకొండు గంటలకు పట్టండి. సాయంత్రం తడిపితే ఈకలు ఆరక రాత్రికి చలి పడుతుంది, ముసురు రోజున అసలే వద్దు. ఒకరు కోడిని పట్టుకుంటే ఇంకొకరు ఈకలను ఎదురు దువ్వుతూ చర్మానికి తగిలేలా స్ప్రే చేయాలి. పైపైన ఈకలు తడిపితే లాభం లేదు. రెట్ట పడే చోటు కింద, రెక్కల అడుగున, తోక మొదట్లో, మెడ వెనుక ఎక్కువ శ్రద్ధ పెట్టండి. కళ్లు, ముక్కు, నోరు తప్పించండి. తల మీద పేలు ఉంటే దూదిని ద్రావణంలో ముంచి పిండి, దానితో తుడవండి. ఆరు వారాల లోపు పిల్లలకు ఇది చేయకండి, నూగు ఈకలు నూనెకు అతుక్కుపోయి ఒంటి వేడి నిలవదు. పొదుగుతున్న పెట్టకు కూడా పొదుగు అయ్యే దాకా ఆగండి, గుడ్ల పెంకు మీద నూనె పడితే లోపల పిల్లకు గాలి ఆడదు.

ఒక్కసారి కొట్టి వదిలేస్తే పదిరోజుల్లో మళ్లీ మొదటికే వస్తుంది. కారణం గుడ్లు. ద్రావణం పెద్ద పేలను చంపుతుంది గానీ ఈక మొదట్లో అంటుకున్న గుడ్లను పెద్దగా ఏమీ చేయదు. అవి పగిలి పిల్ల పేలు బయటికి వచ్చాక, అవి పెరిగి మళ్లీ గుడ్లు పెట్టకముందే రెండోసారి పట్టాలి. అందుకే ఏడు నుంచి పది రోజుల ఎడంతో మూడుసార్లు. గుడ్ల ముద్దలు బాగా ఉన్న ఈకలను కత్తిరించి కాల్చేస్తే పని ఇంకా తొందరగా అవుతుంది.

దీనితో పాటు మట్టి స్నానానికి ఏర్పాటు ఉండాలి. మేడ మీద పెంచే కోళ్లకు మట్టే దొరకదు, అందుకే వాటికి పేలు ఎక్కువ. పాత టైరు లోపల గానీ, వెడల్పాటి టబ్‌లో గానీ పొడి ఎర్రమట్టి, సన్న ఇసుక, జల్లెడ పట్టిన కట్టెల బూడిద సమపాళ్లలో వేసి, అందులో గుప్పెడు వేపాకు పొడి, కొంచెం వస కొమ్ము పొడి కలపండి. కట్టెల బూడిదే కావాలి, చెత్త కాల్చిన బూడిదలో ప్లాస్టిక్ విషం ఉంటుంది. తడిసిన బూడిద చర్మాన్ని కొరికేస్తుంది కాబట్టి వాన పడని చోట పెట్టండి. కోళ్లు వాటంతట అవే దొర్లుకుంటాయి, మీరు పట్టి పూయాల్సిన పని లేదు.

సీతాఫలం గింజల గురించి కూడా అడుగుతారు. పేలను చంపడంలో వాటికి తిరుగులేదు, కానీ ఆ పొడి కంట్లో పడితే కన్ను పుండైపోతుంది, మనుషులకే చూపు దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి. కోడి ముక్కుతో ఒంటిని దువ్వుకుంటుంది, కాలితో తల గోక్కుంటుంది. అందుకని కోడి మీద అవి అసలు వద్దంటాను. కోళ్లు లేనప్పుడు గూడు సందుల్లో వాడాలన్నా కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకోండి, గూడు పూర్తిగా ఆరాకే కోళ్లను వదలండి.

కాళ్ల గజ్జికి

గోరువెచ్చని సబ్బు నీళ్లలో కాళ్లను పది నిమిషాలు నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో మెల్లగా రుద్దండి. ఊడిన పొలుసు ఊడనివ్వండి, గట్టిగా పీకితే రక్తం వస్తుంది. తుడిచి ఆరాక, సగం వేపనూనె, సగం కొబ్బరినూనె కలిపి పొలుసుల కిందికి వెళ్లేలా పట్టించండి. నూనె పురుగుకు గాలి అందకుండా చేస్తుంది. రెండు మూడు రోజులకోసారి చొప్పున నెల రోజులు. పురుగు చచ్చినా కాళ్లు వెంటనే అందంగా కావు, పాత పొలుసు పోయి కొత్తది రావడానికి నెలలు పడుతుంది, ఓపిక పట్టండి. కోళ్లు కూర్చునే కర్రకు కూడా అదే నూనె పూయండి.

ఐదో అడుగు: గూడు

గోమార్లు, నల్లులు ఉన్న ఇంట్లో కోడికి మందు పట్టడం దండగ, అవి ఉండేది గూటిలో. పెద్ద గోమారు రాత్రి కాసేపు రక్తం తాగి మళ్లీ సందులోకి పోతుంది, తిండి లేకుండా ఏడాదికి పైగా బతకగలదు. గూడు కొన్నాళ్లు ఖాళీగా పెడితే పోతాయిలే అనుకునేవాళ్లు అందుకే నిరాశపడతారు. పైగా ఇది స్పైరోకీటోసిస్ అనే జబ్బు కూడా అంటిస్తుంది: జ్వరం, ఆకుపచ్చ రెట్ట, కాళ్లు పడిపోవడం. అప్పుడు ఏ ఆకూ పనిచేయదు, యాంటీబయాటిక్ కావాలి, డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి.

కోళ్లను బయటికి తోలి, గూట్లో ఉన్నదంతా ఊడ్చి కాల్చేయండి. కర్రలు, తలుపు సందుల్లో మరిగే నీళ్లు పోయండి. ఆరాక సున్నంలో లీటరుకు 30 మిల్లీలీటర్ల చొప్పున సబ్బు కలిపిన వేపనూనె వేసి గోడలకు, పగుళ్లలోకి దిగేలా రెండు పూతలు పూయండి. కానుగ నూనె దొరికితే అదీ బాగుంటుంది. పెద్ద పగుళ్లను సిమెంటుతో పూడ్చేయడం అన్ని మందుల కంటే మేలు. బెరడు ఉన్న కర్రల స్థానంలో నున్నగా చిత్రిక పట్టిన కర్రో, పైపో పెట్టండి. గూడు కాళ్లు నూనె పోసిన డబ్బాల్లో నిలబెడితే కొత్తవి ఎక్కవు. పది రోజులకు మళ్లీ ఒకసారి.

గుడ్లు పెట్టే గంపల్లో వావిలాకు, వేపాకు పరవండి, వారానికోసారి మార్చండి. ఇవి పురుగును చంపవు, దగ్గరికి రాకుండా కొంత ఆపుతాయి. పొగ వేయాలనుకుంటే కోళ్లు బయట ఉన్నప్పుడే. కోడి ఊపిరితిత్తులు పొగకు చాలా సున్నితం, తలుపు మూసి వేపాకు పొగ వేస్తే దోమల కంటే ముందు కోళ్లే పడిపోతాయి.

ఆరో అడుగు: కడుపులోని ఏలికపాములకు

ముందు లెక్క ఒకటి గుర్తుంచుకోండి. పెద్ద పెట్ట రోజుకు ఇంచుమించు 100 గ్రాముల దాణా తింటుంది, అంటే పది పెట్టలకు కిలో. మందును దాణాలోనే కలపండి, నీళ్లలో వద్దు. ఏప్రిల్, మే ఎండల్లో కోడి మామూలు కంటే రెట్టింపు నీళ్లు తాగుతుంది, మందూ రెట్టింపు లోపలికి పోతుంది. అదే చేదు నీళ్లయితే తాగడమే మానేసి ఎండదెబ్బకు పోతుంది. రెండు వైపులా నష్టమే.

బొప్పాయి గింజలతో మొదలుపెట్టండి. పండిన పండు గింజలు కడిగి, నీడలో ఎండబెట్టి పొడి చేసుకుని, కిలో దాణాకు 10 గ్రాములు కలిపి వారం రోజులు పెట్టండి. గింజల్లో ఉండే బెంజైల్ ఐసోథయోసయనేట్ పురుగులకు గిట్టదు. పచ్చి కాయ పాలలో ఉండే ఎంజైములు ఏలికపాము చర్మాన్నే జీర్ణం చేసేస్తాయని ప్రయోగశాలల్లో చూశారు, కానీ ఆ పాలు నేరుగా పోస్తే కోడి గొంతు, అన్నకోశం మండిపోతాయి. పచ్చి బొప్పాయి తురిమి తవుడులో కలిపి పెట్టడం వరకు ఫర్వాలేదు. గుడ్లు పొదిగించడానికి ఉంచిన పుంజుకు గింజల పొడి పెట్టకండి, మగ జంతువుల్లో సంతాన శక్తిని తగ్గిస్తుందని ఎలుకల మీద చేసిన పరీక్షల్లో తేలింది.

మోదుగ గింజలు మన పాత వైద్యంలో నట్టలకు పేరుపడ్డవి, వీటిలో పలాసోనిన్ అనే పదార్థం ఉంటుంది. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పైపొట్టు తీసేసి, లోపలి పప్పును ఎండబెట్టి పొడి చేయాలి. పొట్టుతో సహా వేయకండి. ఇది ఘాటు మందు, మోతాదు మించితే పేగులను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అందుకే పెద్ద కోడికి అర గ్రాముకు మించి వద్దంటాను, అదీ పొద్దున్నే ఖాళీ కడుపున, బెల్లం కలిపిన తవుడు ముద్దలో పెట్టి, వరుసగా మూడు రోజులే. పిల్లలకు, గుడ్డు పెట్టే ఊపులో ఉన్న పెట్టలకు వద్దు.

వెల్లుల్లి? చితక్కొట్టి పది నిమిషాలు వదిలేస్తే అల్లిసిన్ తయారవుతుంది, ఉడికిస్తే పోతుంది. పది కోళ్లకు నాలుగైదు రెబ్బలు దాణాలో కలపడం వల్ల హాని లేదు, తిండి మీద ఇష్టం కూడా పెరుగుతుంది. కానీ ఏలికపాములు దీనితో పోతాయని నమ్మకండి. ఎక్కువైతే గుడ్డుకు వాసన పడుతుంది, రక్తకణాలూ దెబ్బతింటాయి. వేపాకు కూడా దాణాలో రోజూ వేసేవాళ్లున్నారు. చేదుకు కోడి తిండి తగ్గించేస్తుంది, ఎదుగుదల ఆగిపోతుంది. ఎప్పుడో ఒకసారి నాలుగు లేత ఆకులు వేరు, రోజూ పెట్టడం వేరు.

ఆవులకో గొర్రెలకో చెప్పిన కషాయాన్ని బరువు లెక్కన భాగించి కోళ్లకు పోయడం మాత్రం చేయకండి. నెమరువేసే జంతువు పొట్ట వేరు, కోడి పొట్ట వేరు.

మందు వేసిన రెండు వారాలకు రెట్ట మళ్లీ పరీక్ష చేయించండి. రెట్టలో పురుగు గుడ్ల సంఖ్య తగ్గకపోతే మొక్కల్ని పక్కన పెట్టి, డాక్టర్ రాసిచ్చే ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ లాంటివి వాడండి. అందులో తప్పేమీ లేదు. మందు వాడిన తర్వాత ఎన్ని రోజులు గుడ్లు, మాంసం తినకూడదో లేబుల్ మీద ఉంటుంది, అది పాటించండి.

బద్దె పురుగులు

గుమ్మడి గింజల పొడి కిలో దాణాకు 20 గ్రాములు చొప్పున పెట్టి చూడవచ్చు, హాని లేదు, ఫలితం మాత్రం అంతంతే. ముక్కలు రాలిపోయినా తల పేగు గోడకు పట్టుకునే ఉంటుంది, అక్కడి నుంచి మళ్లీ పెరుగుతుంది. రెట్టలో ముక్కలు చూసి మందు పనిచేసిందని సంబరపడేది ఇక్కడే. పోకచెక్క పొడి పెట్టమని చెప్పేవాళ్ల మాట వినకండి, అందులోని అరెకోలిన్ పురుగును మత్తులో పడేస్తుంది నిజమే, కోడిని కూడా పడేస్తుంది. డాక్టర్ ఇచ్చే ప్రాజిక్వాంటెల్ లాంటి మందే ఖాయమైన దారి. చీమలు, ఈగలు, పేడపురుగులు లాంటివి తింటేనే ఈ పురుగు కోడిలోకి వస్తుంది కాబట్టి రెట్ట కుప్పను గూటికి దూరంగా, మూతపెట్టి ఎరువు చేయండి.

ఏడో అడుగు: రక్త విరేచనాలు

ఇక్కడ గంటలు కూడా లెక్కే. పిల్ల రెట్టలో తాజా రక్తం కనిపించిన రోజే యాంప్రోలియం అనే మందు తెచ్చి, ప్యాకెట్ మీద రాసిన మోతాదులో తాగే నీళ్లలో కలపండి. అవే తప్ప వేరే నీళ్లు పెట్టకండి. యాంప్రోలియం విటమిన్ బీ1 లాగా నటించి ఐమీరియాను ఆకలితో చంపుతుంది, అందుకని ఆ రోజుల్లో బీ కాంప్లెక్స్ టానిక్ ఇవ్వకండి, ఇస్తే మందు పని పోతుంది. నీరసంగా ఉన్నాయని ప్రేమతో టానిక్ పోసేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే గట్టిగా చెబుతున్నాను. ఒక్క మాట, గులాబీ రంగు జిగురు ముక్క అప్పుడప్పుడు పడితే భయపడకండి, అది పేగు లోపలి పొర మామూలుగా ఊడేది. పిల్ల చురుగ్గా తింటుంటే సరే.

మరి మొక్కలు ఎక్కడ? తేరుకున్నాక, మళ్లీ రాకుండా. పసుపులోని కర్కుమిన్, వాములోని థైమాల్ ఈ క్రిమి మీద కొంత ప్రభావం చూపుతాయి, పేగు వాపునూ తగ్గిస్తాయి. కిలో దాణాకు 5 గ్రాముల పసుపు, 2 గ్రాముల వాము పొడి, వానాకాలమంతా వారానికి రెండు మూడు రోజులు. పసుపు కొమ్ములు తెచ్చి పట్టించుకోండి, విడిగా అమ్మే పొడిలో రంగు కోసం సీసం కలిపే కల్తీ ఉంది.

ఎనిమిదో అడుగు: తడి తగ్గించడం

మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబరు దాకా వచ్చే జబ్బుల్లో చాలావరకు కింద పరిచిన ఊక తడవడం వల్లే. ఐమీరియా రెట్టతో బయటపడ్డాక వెచ్చగా, తడిగా ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే అంటుకునే స్థితికి వస్తుంది. ఏలికపాము గుడ్డుకు దాదాపు రెండు వారాలు పడుతుంది. అంటే పిల్లల గూట్లో రోజూ తడి ఊక తీసేయాలి, పెద్దవాటి గూట్లో పది రోజులకోసారి మొత్తం మార్చినా పురుగు చక్రం తెగుతుంది. ఖర్చు ఊకదే, ఏ మూలికా ఇంత పని చేయదు.

ఊక పిడికిట పట్టి నొక్కండి. ముద్దగా నిలిస్తే తడి ఎక్కువ, వదలగానే రాలిపోతే సరిగ్గా ఉంది. నీళ్ల గిన్నె కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి, ఎక్కువ తడిసేది అక్కడే. రోజూ ఊకను గుల్ల చేసి తిరగేయండి, వాన జల్లు కొట్టే వైపు టార్పాలిన్ దించండి. పిల్లల్ని పెద్ద కోళ్లతో కలపకండి. టర్కీ కోళ్లు పెంచేవాళ్లు వాటిని నాటు కోళ్లు తిరిగిన నేల మీద వదలకండి, కోడిలో పెద్దగా హాని చేయని పెద్దపేగు పురుగు మోసుకొచ్చే హిస్టోమోనాస్ అనే ఏకకణ జీవి టర్కీని చంపేస్తుంది.

ఇవి ముట్టుకోవద్దు

పొగాకు కషాయం పేలను చంపుతుంది, అందులోని నికోటిన్ కోడినీ చంపుతుంది. కిరోసిన్ చర్మాన్ని కాలుస్తుంది. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు పాలు, గురివింద, ఆముదం గింజలు ఎంత కొంచెమైనా లోపలికి ఇవ్వకండి. నాఫ్తలీన్ గోళీలు గూట్లో వేయొద్దు. పత్తికి కొట్టే పురుగుమందు మిగిలింది కదా అని కోళ్ల మీద కొట్టడం ఊళ్లలో ఇంకా ఉంది, ఆ విషం మీ పిల్లలు తినే గుడ్డులోకి వస్తుంది.

మెడ తిప్పేయడం, ఆకుపచ్చ రెట్ట, ఒక్కరాత్రిలో వరుసగా చావులు ఉంటే అది కొక్కెర తెగులు కావచ్చు. నట్టల మందు కోసం వెతుకుతూ కూర్చోకుండా వెంటనే పశువైద్యశాలకు ఫోన్ చేయండి. టీకా వేయించడానికి వారం పది రోజుల ముందే నట్టల పని పూర్తి చేసుకుంటే టీకా బాగా పడుతుంది.

కొత్త కోడి తెచ్చినప్పుడు

చార్మినార్ దగ్గర ముర్గీచౌక్‌లో కొన్నా, ఊరి సంతలో కొన్నా, తెచ్చిన కోడిని నేరుగా గుంపులో వదలకండి. మూడు వారాలు విడిగా, వేరే నీళ్లు, వేరే దాణా గిన్నెతో ఉంచండి, ముందు పాత కోళ్ల పని చూసుకుని తర్వాతే దాని దగ్గరికి వెళ్లండి. మొదటి రోజే ఈకలు విప్పి పేలు చూసి, ఉంటే వేపనూనె ద్రావణం పట్టండి, కాళ్ల పొలుసులు చూడండి. ఆ వారంలోనే దాని రెట్ట పరీక్షకు ఇవ్వండి. ఏలికపాము లోపలికి వెళ్లి గుడ్లు పెట్టడం మొదలవడానికి ఐదు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు, కాబట్టి మొదటి పరీక్షలో ఏమీ రాకపోయినా రెండు నెలల తర్వాత అదే కోడి రెట్ట ఇంకోసారి ఇవ్వండి.